తప్పెవరిదో తేల్చేదెవరు?

కంటకాపల్లి రైలు నుంచి కాలిఫోర్నియా ఎడారిలో కూలిన వ్యోమనౌక దాకా... ప్రమాద దర్యాప్తుల మీద పట్టు కోసం ప్రభుత్వాలు ఎందుకంత తాపత్రయపడతాయి? రేపు మన ప్రైవేటు రాకెట్ ఏదైనా కూలితే నిజం చెప్పేదెవరు?

2023 అక్టోబరు 29, ఆదివారం. రాత్రి ఏడు గంటల వేళ విశాఖపట్నం నుంచి పలాస వెళ్లే పాసింజరు విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య ఉంది. అదే పట్టాల మీద వెనక నుంచి వచ్చిన విశాఖ-రాయగడ పాసింజరు దాన్ని గుద్దేసింది. బోగీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కేశాయి. పధ్నాలుగు మంది ప్రాణాలు పోయాయి, యాభై మంది దాకా గాయపడ్డారు. విశాఖలో పని చూసుకుని రాత్రికి ఊరు చేరే కూలీలు, చిరుద్యోగులు, చదువుకునే పిల్లలు ఎక్కే బళ్లవి. చనిపోయినవారిలో రాయగడ బండి లోకో పైలట్, సహాయ లోకో పైలట్ ఉన్నారు. పలాస బండి గార్డు కూడా ఉన్నారు.

తెల్లారేసరికల్లా ఒక మాట బయటికొచ్చింది. రాయగడ బండి పనిచేయని రెండు ఆటో సిగ్నళ్లను దాటుకుని వచ్చేసిందన్నది ఆ మాట. రైల్వే నిబంధన ప్రకారం ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే డ్రైవరు పగలైతే ఒక నిమిషం, రాత్రయితే రెండు నిమిషాలు బండి ఆపాలి. ఆ తర్వాత ముందు ఏదైనా కనపడితే వెంటనే ఆపగలిగేంత నెమ్మదిగా కదలాలి. ఇక్కడ ఆ వేగం గంటకు 10 కిలోమీటర్లు మించకూడదు. చీకట్లో, ముందు బండి ఎంత దూరంలో ఉందో తెలియకుండా, వెనక సమయం తరుముకొస్తుండగా ఆ రెండు నిమిషాలు ఇంజన్‌లో కూర్చోవడం ఎలా ఉంటుందో ఏ లోకో పైలట్‌నడిగినా చెబుతాడు. నిబంధన తప్పడం జరిగి ఉండొచ్చు. అయితే వరసగా సిగ్నళ్లు ఎందుకు పాడయ్యాయి, పాడైన సంగతి ఎవరికి ఎప్పుడు తెలిసింది, ముందు బండి కదలకుండానే వెనక బండిని ఎందుకు వదిలారు, డ్రైవరు పొరబడినా బండిని ఆపేసే కవచ్ పరికరం ఈ మార్గంలో ఎందుకు లేదు? ఇవన్నీ కూడా ప్రమాదంలో భాగమే. అప్పటికి కవచ్ దక్షిణ మధ్య రైల్వే పరిధిలోనే ఉంది. వాల్తేరు డివిజన్‌కు రాలేదు.

అయిదు నెలలు గడవకుండానే, 2024 మార్చిలో, రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ ఒక వార్తాసంస్థతో మాట్లాడుతూ లోకో పైలట్, సహాయకుడు ఇద్దరూ క్రికెట్ మ్యాచ్ ధ్యాసలో పడటం వల్లే ఆంధ్రలో ఈ ప్రమాదం జరిగిందన్నారు. ఆ రోజు లఖ్‌నవూలో భారత్, ఇంగ్లండ్ ప్రపంచకప్ మ్యాచ్ జరిగిన మాట నిజమే. కానీ మంత్రి ఆ మాట అన్ననాటికి రైల్వే భద్రత కమిషనర్ దర్యాప్తు నివేదిక జనం ముందుకు రాలేదు. లోకో పైలట్ల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. నింద పడ్డ ఇద్దరూ సమాధానం చెప్పుకోవడానికి బతికి లేరు. సార్వత్రిక ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. దేశమంతటికీ చేరింది మాత్రం ‘క్రికెట్ చూస్తూ గుద్దేశారు’ అన్న ఒక్క వాక్యమే. సిగ్నళ్ల మాట, కవచ్ మాట ఆ వాక్యం కింద అణిగిపోయాయి.

ఇలాంటి దర్యాప్తుల్లో రాజకీయం అంటే చాలామందికి ఫైళ్లు మాయం చేయడం, సాక్షుల్ని బెదిరించడం గుర్తుకొస్తాయి. అసలు సంగతి అంత నాటకీయంగా ఉండదు. నివేదిక రాకముందే ఎవరు నోరు విప్పుతారు, ఏ ప్రశ్నను ముందుకు తోస్తారు, ఏ కాగితాన్ని బీరువాలో ఉంచేస్తారు... రాజకీయం ఉండేది అక్కడే. రైలుకు వర్తించే ఈ సూత్రమే విమానానికీ, రాకెట్‌కూ వర్తిస్తుంది. అంతరిక్షంలోకి ప్రైవేటు కంపెనీలు దూకుతున్న ఈ కాలంలో దీన్ని ఉత్తరాంధ్ర వాళ్లకంటే బాగా అర్థం చేసుకోగలిగేవాళ్లు తక్కువ. ఎందుకంటే దేశంలో రైలు ప్రమాదాల దర్యాప్తు, విమాన ప్రమాదాల దర్యాప్తు రెండూ ఏ మంత్రిత్వ శాఖ కింద ఉంటాయో ఆ శాఖ 2014 నుంచి రెండుసార్లు విజయనగరం, శ్రీకాకుళం ఎంపీల చేతికొచ్చింది.

ఒకే కుర్చీ, రెండు జిల్లాలు

విజయనగరం ఎంపీగా గెలిచిన పూసపాటి అశోక్ గజపతిరాజు 2014 మే నుంచి 2018 మార్చి దాకా కేంద్ర పౌర విమానయాన మంత్రి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు 2024 జూన్‌లో అదే శాఖ చేపట్టారు. అప్పటికి ఆయన వయసు 36. కేంద్ర కేబినెట్‌లో అందరికన్నా చిన్నవాడు. ఆయన తండ్రి ఎర్రన్నాయుడు 2012 నవంబరులో రణస్థలం దగ్గర రోడ్డు ప్రమాదంలోనే కన్నుమూశారు. ప్రమాదం ఒక ఇంటిని ఏం చేస్తుందో ఈ మంత్రికి ఎవరూ చెప్పక్కర్లేదు.

రైల్వే భద్రత కమిషన్ విమానయాన శాఖలో ఎందుకుందని చాలామందికి ఆశ్చర్యం. దాని వెనక ఒక పాత పాఠం ఉంది. 1937లో బిహార్‌లోని బిహ్టా దగ్గర రైలు పడిపోయి వందమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత బ్రిటన్ రైల్వే తనిఖీ అధికారి కల్నల్ మౌంట్ ఆధ్వర్యంలో వేసిన కమిటీ, రైళ్లు నడిపే రైల్వే బోర్డు కిందే తనిఖీ అధికారులు ఉండటం సరికాదని చెప్పింది. కేంద్ర శాసనసభలో చర్చ జరిగింది. 1941 మేలో రైల్వే తనిఖీ విభాగాన్ని బోర్డు నుంచి విడదీసి తపాలా, విమాన విభాగానికి అప్పగించారు. 1967 నుంచి అది పౌర విమానయాన శాఖలో ఉంది. అంటే నడిపేవాడు, తప్పు తేల్చేవాడు ఒక్కడే కాకూడదన్న తెలివి మనకు స్వాతంత్ర్యానికి ముందే వచ్చింది. దాన్ని చివరిదాకా తీసుకెళ్లలేకపోయాం, అంతే. కమిషన్ అధికారులు రైల్వేల నుంచే వస్తారు. వాళ్ల సిఫార్సులు ఒప్పుకోవాలో లేదో రైల్వే బోర్డే తేలుస్తుంది. 2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ చట్టబద్ధమైన స్వతంత్ర రైల్వే భద్రత ప్రాధికార సంస్థ కావాలంది. ఆ సిఫార్సు ఇంకా కాగితం మీదే ఉంది.

2017 జనవరి 21 రాత్రి ఈ ఏర్పాటుకు పరీక్ష వచ్చింది. జగదల్‌పూర్ నుంచి భువనేశ్వర్ వెళ్లే హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ అప్పటి విజయనగరం జిల్లా కొమరాడ మండలం కూనేరు స్టేషన్ దగ్గర పట్టాలు తప్పింది. నలభై మంది దాకా చనిపోయారు. కొద్ది గంటల్లోనే విధ్వంసం అన్న మాట పుట్టింది. ఒడిశా సరిహద్దు, మావోయిస్టుల ప్రాబల్యం, నాలుగు రోజుల్లో గణతంత్ర దినం. ఆ మాటకు కావలసిన సరంజామా అంతా ఉంది. జాతీయ దర్యాప్తు సంస్థ బృందం కూనేరు వచ్చింది. రైల్వే భద్రత కమిషన్ అప్పుడు విజయనగరం ఎంపీ శాఖలోనే ఉంది. అయినా జనం నోళ్లలో నానింది కమిషన్ పేరు కాదు, కుట్ర పేరు.

ఆ సీజన్‌లో కుట్ర మాట కూనేరుతో ఆగలేదు. అంతకు రెండు నెలల ముందు కాన్పూర్ దగ్గర ఇండోర్-పట్నా ఎక్స్‌ప్రెస్ పడిపోయి నూట యాభైమంది దాకా చనిపోయారు. 2017 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ ఎన్నికల సభలో, గోండాలో, ప్రధాని నరేంద్ర మోదీ అది సరిహద్దు అవతలి నుంచి పన్నిన కుట్ర అన్నారు. జాతీయ దర్యాప్తు సంస్థ ఆ కేసులో చివరికి చార్జిషీటే వేయలేదు. 2023 జూన్‌లో బాలేశ్వర్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం జరిగి 290 మందికి పైగా చనిపోయినప్పుడూ భద్రత కమిషనర్ దర్యాప్తు పూర్తికాకముందే సీబీఐని పిలిచారు. నేరం ఉంటే పోలీసులు రావలసిందే. కానీ పోలీసు దర్యాప్తు ఎవరిని పట్టుకోవాలా అని చూస్తుంది. భద్రత దర్యాప్తు ఏం మార్చాలా అని చూస్తుంది. మొదటిదాన్ని ముందుకు తోసినప్పుడల్లా రెండోది వెనకబడుతుంది. పట్టాల మరమ్మతుకు డబ్బెంత ఇచ్చారు, సిబ్బంది ఖాళీలు ఎన్ని అన్న ప్రశ్నలు అడిగే నాథుడుండడు.

అహ్మదాబాద్ తర్వాత

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిరిండియా 171 కూలినప్పుడు పౌర విమానయాన మంత్రి కుర్చీలో రామ్మోహన్ నాయుడు ఉన్నారు. విమానంలో ఉన్న 242 మందిలో ఒక్కరే బతికారు. నేల మీద ఉన్న 19 మంది కూడా చనిపోయారు. మొత్తం 260 ప్రాణాలు. దర్యాప్తు చేసేది విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో. 2012లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నుంచి విడదీసి పెట్టారు, కానీ అదీ అదే మంత్రిత్వ శాఖ కింద ఉంది. దానికి తోడు కేంద్ర హోం కార్యదర్శి అధ్యక్షతన ఇంకో ఉన్నత స్థాయి కమిటీ వేశారు.

నెల తిరిగేసరికి ప్రాథమిక నివేదిక వచ్చింది. గాల్లోకి లేచిన కొద్ది క్షణాలకే ఇంధనం స్విచ్‌లు రెండూ ఒక సెకను తేడాతో ‘రన్’ నుంచి ‘కటాఫ్’కు మారాయని, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే నేను ఆపలేదని రెండో పైలట్ అన్నాడని అందులో ఉంది. ఎవరు అడిగారో, ఎవరు జవాబిచ్చారో చెప్పలేదు. ఆ ఖాళీని ప్రపంచమంతా తలోరకంగా నింపుకుంది. విదేశీ పత్రికలు పైలట్ వైపు వేలు చూపాయి. పైలట్ల సంఘాలు భగ్గుమన్నాయి. తుది నివేదిక వచ్చేదాకా ఎవరూ తీర్మానాలు చేయవద్దని రామ్మోహన్ నాయుడు పదేపదే కోరారు. కంటకాపల్లి విషయంలో రైల్వే మంత్రి చేసినదానికీ దీనికీ తేడా ఉంది. ఆ తేడాను గుర్తించి మెచ్చుకోవాలి. 2025 నవంబరులో సుప్రీంకోర్టు కూడా ప్రాథమిక నివేదికలో పైలట్‌ను నిందించే మాట లేదని వ్యాఖ్యానించింది.

అయితే మంత్రి నిగ్రహం ఒక వ్యక్తి గుణం. ఏర్పాటు మాత్రం అలాగే ఉంది. కొత్త విమానాశ్రయాలు తేవడం, విమానయాన సంస్థలను ప్రోత్సహించడం, టికెట్ల రద్దీని విజయంగా చూపించుకోవడం ఆ శాఖ పని. భోగాపురంలో జీఎంఆర్ సంస్థ చేపట్టిన అల్లూరి సీతారామరాజు విమానాశ్రయం ఉత్తరాంధ్రకు గర్వకారణం. ఆ సంస్థ అధిపతి గ్రంధి మల్లికార్జునరావుది రాజాం. ఆ విమానాశ్రయాన్ని నిలబెట్టడం కోసం శ్రమించే మంత్రే, రేపు అక్కడ ఏదైనా జరిగితే దర్యాప్తు చేసే బ్యూరోకూ పైవాడు. ఆయన ఎంత నిజాయితీపరుడైనా ఈ చిక్కు పోదు. 2025 జనవరిలో అమల్లోకి వచ్చిన భారతీయ వాయుయాన్ అధినియమ్ పార్లమెంటులో ఆయన చేతుల మీదుగానే గట్టెక్కింది. పాత 1934 చట్టం స్థానంలో వచ్చిన ఆ చట్టం కూడా ఈ సంస్థల మీద పర్యవేక్షణను, ప్రజాహితం పేరుతో ఆదేశాలిచ్చే అధికారాన్ని కేంద్రం చేతిలోనే ఉంచింది.

ఒకే చేత్తో చప్పట్లు, బెత్తం

అమెరికా ఈ చిక్కును విమానాల విషయంలో చాలావరకు విప్పుకుంది. జాతీయ రవాణా భద్రత బోర్డును 1967లో రవాణా శాఖలో భాగంగా పెట్టారు. తాను తప్పుపట్టాల్సిన శాఖ కిందే ఉంటే కుదరదని తేలి, 1975 నుంచి పూర్తిగా విడదీశారు. 1996 మేలో ఫ్లోరిడాలో వాల్యూజెట్ విమానం కూలాక ఇంకో అడుగు వేశారు. విమానయాన పరిశ్రమను ప్రోత్సహించే బాధ్యతను నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ నుంచి తీసేశారు. ఇక మీదట నీ పని భద్రత చూడటమే అన్నారు.

అంతరిక్షానికి మాత్రం ఈ నీతి వర్తించలేదు. 1984లో చేసిన వాణిజ్య ప్రయోగాల చట్టం ప్రకారం ప్రైవేటు రాకెట్లకు అనుమతులిచ్చే కార్యాలయమే ఆ పరిశ్రమను ప్రోత్సహించాలి కూడా. ఆ కార్యాలయం ఇప్పుడు ఎఫ్ఏఏలోనే ఉంది. రోదసిలోకి డబ్బు కట్టి వెళ్లే ప్రయాణికుల భద్రతకు నిబంధనలు పెట్టకుండా 2004లో విధించిన నిషేధాన్ని వాయిదాల మీద వాయిదాలు పొడిగించుకుంటూ 2028 జనవరి 1 దాకా తెచ్చారు. పసి పరిశ్రమ, కాళ్లు కట్టేయొద్దన్నది వాదన. రాకెట్ కూలితే దర్యాప్తు చేసేది సాధారణంగా ఆ కంపెనీయే. ఎఫ్ఏఏ పక్కన నిలబడి చూస్తుంది. 2023 ఏప్రిల్‌లో స్పేస్ఎక్స్ స్టార్‌షిప్ మొదటి ప్రయోగంలో పేలినప్పుడు ఇదే జరిగింది. 63 దిద్దుబాట్లు తేలాయి. నివేదిక మాత్రం కంపెనీ రహస్యాలు, ఎగుమతి నియంత్రణల పేరుతో జనానికి అందలేదు.

ప్రాణనష్టం జరిగితే కథ మారుతుంది. 2014 అక్టోబరు 31న వర్జిన్ గెలాక్టిక్ కోసం తయారైన స్పేస్‌షిప్‌టూ కాలిఫోర్నియాలోని మొహావీ ఎడారి మీద గాల్లోనే ముక్కలైంది. కింది వాతావరణంలోకి దిగేటప్పుడు తోకను పైకి లేపే ఏర్పాటు అందులో ఉంటుంది. దాని తాళం తీసే మీట ధ్వని వేగానికి 1.4 రెట్లు దాటాకే లాగాలి. సహపైలట్ ఇంకా ధ్వని వేగాన్ని అందుకోకముందే లాగేశాడు. తోక లేచింది, నౌక చీలింది. ఆయన చనిపోయాడు. పైలట్ పారాషూట్‌తో బతికి బయటపడ్డాడు. మన దగ్గరైతే కథ ఇక్కడే ముగిసేది. పైలట్ పొరపాటు, మంత్రి సంతాపం, ఫైలు మూత.

స్వతంత్ర బోర్డు అక్కడ ఆగలేదు. 2015 జులైలో ఇచ్చిన నివేదికలో, ఒక్క మనిషి ఒక్క క్షణం పొరబడితే నౌక మొత్తం పోయేలా ఎందుకు తయారుచేశారని తయారీదారు స్కేల్డ్ కాంపోజిట్స్‌ను నిలదీసింది. ఇంకా లోపలికి వెళ్లింది. ఎఫ్ఏఏ సాంకేతిక సిబ్బంది అడగాలనుకున్న ప్రశ్నల్ని పై అధికారులు వడగట్టారని, 120 రోజుల గడువులోగా అనుమతి ఇచ్చేయాలన్న ఒత్తిడి వాళ్ల మీద ఉందని బయటపెట్టింది. అనుమతి ఇచ్చినవాడి తప్పును అనుమతి ఇచ్చినవాడే రాసుకోడు. బయటివాడు రాశాడు కాబట్టే అది తెలిసింది. కంటకాపల్లికి కావలసింది సరిగ్గా ఇలాంటి నివేదికే.

ఏడేళ్ల తర్వాత అదే కంపెనీ నౌకలో మన తెలుగమ్మాయి ఉంది. గుంటూరు జిల్లా మూలాలున్న బండ్ల శిరీష 2021 జులై 11న కంపెనీ వ్యవస్థాపకుడు రిచర్డ్ బ్రాన్సన్‌తో కలిసి యూనిటీ-22లో రోదసి అంచుకు వెళ్లొచ్చారు. కంపెనీలో ఆమె ప్రభుత్వ వ్యవహారాలు చూసే ఉపాధ్యక్షురాలు. తెలుగు నేలంతా పండగ చేసుకుంది. సెప్టెంబరులో న్యూయార్కర్ పత్రిక ఒక కథనం ప్రచురించింది. పైకి వెళ్లేటప్పుడు పైలట్ల ముందు మొదట పసుపు దీపం, తర్వాత ఎర్ర దీపం వెలిగాయి. కిందికి జారుతూ రన్‌వేకు చేరుకోవడానికి కావలసిన దారి తప్పిపోతోందన్న హెచ్చరిక అది. తిరిగి దిగేటప్పుడు నౌక తనకు కేటాయించిన గగనతలం దాటి 1 నిమిషం 41 సెకన్లు ఎగిరింది. ఆ సంగతిని నిబంధన ప్రకారం ఎఫ్ఏఏకు చెప్పవలసిన విధంగా కంపెనీ చెప్పలేదు. పత్రిక రాసిన మర్నాడే ఎఫ్ఏఏ ప్రయోగాలు ఆపించింది. నెల తిరక్కుండానే గగనతలం పెంచుకోండి, సమాచారం వెంటనే ఇవ్వండి అని చెప్పి మళ్లీ అనుమతించింది. ప్రత్యక్ష ప్రసారం చూసినవాళ్లలో ఎవరికీ తెలియని విషయం ఒక విలేకరి వల్ల తెలిసింది. మన అమ్మాయి క్షేమంగా వచ్చిందని సంబరపడ్డవాళ్లంతా ఆ ఎర్ర దీపం గురించి కూడా తెలుసుకోవలసిన వాళ్లే.

పర్యవేక్షణలో రాజకీయం ఒక వైపునుంచే రాదు. 2024 సెప్టెంబరులో లైసెన్సు ఉల్లంఘనల మీద ఎఫ్ఏఏ స్పేస్ఎక్స్‌కు 6,33,009 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. ఇది రాజకీయ కక్ష అని ఎలాన్ మస్క్ మండిపడి, దావా వేస్తానన్నారు. ఎఫ్ఏఏ అధిపతి మైక్ విటకర్ తప్పుకోవాలని డిమాండ్ చేశారు. ఎన్నికల్లో ట్రంప్ గెలిచారు, మస్క్ ఆయన పక్కన చేరారు. అయిదేళ్ల పదవీకాలంలో ఏడాది కొద్దిగా దాటగానే, 2025 జనవరి 20న విటకర్ దిగిపోయారు. దానికి నాలుగు రోజుల ముందే ఇంకో స్టార్‌షిప్ పేలి, శకలాలు కరీబియన్ దీవుల మీద రాలాయి. విమానాలు దారి మళ్లించుకోవలసి వచ్చింది. ఆ ప్రమాదం మీద దర్యాప్తు ముగియకముందే, ఫిబ్రవరి నెలాఖరున తర్వాతి ప్రయోగానికి అనుమతి వచ్చింది. మార్చి 6న అదీ పేలింది.

మస్క్ ఆరోపణలో నిజం ఎంత, ఎఫ్ఏఏ తొందరలో ఒత్తిడి ఎంత అన్నది ఎవరి పార్టీని బట్టి వాళ్లు చెబుతున్నారు. నియంత్రించే సంస్థ, ప్రోత్సహించే సంస్థ, దర్యాప్తును చూసే సంస్థ ఒక్కటే అయినప్పుడు వచ్చే నష్టం ఇదే. కఠినంగా ఉంటే కక్ష అంటారు, మెత్తగా ఉంటే కానుక అంటారు. నిజంగా భద్రత కోసమే చేసిన పనిని కూడా జనం నమ్మరు.

శ్రీహరికోటలో ఏం రాసిపెట్టారు?

ఇప్పుడు మన సంగతి. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ప్రయోగించింది. 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లిన ఆ చిన్న రాకెట్ దేశంలో ప్రైవేటు రంగంలో మొదటిది. 2025 నవంబరులో ప్రధాని ఆ సంస్థ కొత్త ప్రాంగణాన్ని ప్రారంభించి, కక్ష్యలోకి ఉపగ్రహాలు మోసుకెళ్లే విక్రమ్-1ను ఆవిష్కరించారు. చెన్నైకి చెందిన అగ్నికుల్ శ్రీహరికోటలోనే సొంత ప్రయోగ వేదిక కట్టుకుని 2024 మేలో రాకెట్ ఎగరేసింది. ఈ కుర్రాళ్ల సాహసం చూస్తే ముచ్చటేస్తుంది. వాళ్లలో కొందరు ఇస్రో ఉద్యోగం వదులుకుని వచ్చినవాళ్లు.

వీళ్లకు అనుమతులిచ్చేది 2020లో ప్రకటించిన ఇన్-స్పేస్. ప్రోత్సహించేదీ అదే. అది అంతరిక్ష శాఖ కింద ఉంది. ఇస్రో కూడా అదే శాఖలో ఉంది. ఆ శాఖ నేరుగా ప్రధాని దగ్గర ఉంటుంది. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా తెచ్చారు, అది చట్టం కాలేదు. 2023లో అంతరిక్ష విధానం, 2024లో దాని మార్గదర్శకాలు వచ్చాయి. పార్లమెంటు చర్చించి ఆమోదించిన చట్టం మాత్రం లేదు. రైలు పడితే కమిషనర్ వస్తాడు, విమానం కూలితే బ్యూరో వస్తుంది. ప్రైవేటు రాకెట్ కూలి నేల మీద మనుషులు పోతే ఎవరు రావాలో, నివేదిక ఎన్నాళ్లలో జనం ముందు పెట్టాలో పార్లమెంటు రాసిన చట్టంలో ఎక్కడా లేదు.

శ్రీహరికోటలో ప్రాణాలు పోలేదా అంటే పోయాయి. 2004 ఫిబ్రవరిలో ఘన ఇంధనం దగ్గర జరిగిన పేలుడులో ఆరుగురు చనిపోయారు. ఘన ఇంధనాన్ని ఒకసారి పోసి గట్టిపరిచాక అది ఎప్పుడూ నిద్రపోని నిప్పు. అలాంటి పని ఇక ప్రభుత్వ ప్రాంగణం దాటి ప్రైవేటు షెడ్లలోకి వస్తుంది.

ప్రభుత్వానికి ఇక్కడ పట్టు కావాలనడానికి న్యాయమైన కారణం ఒకటుంది. 1972 అంతర్జాతీయ బాధ్యత ఒప్పందం ప్రకారం ఒక దేశం నుంచి ఎగిరిన వస్తువు వేరే ఏ దేశం నేల మీద పడినా, తప్పు రుజువు చేయాల్సిన పని లేకుండానే పరిహారం ఇవ్వాల్సింది ప్రయోగించిన దేశం. కంపెనీ కాదు. కాబట్టి స్కైరూట్ ఏం చేస్తోందో కేంద్రం చూడాల్సిందే. కానీ పరిహారం కట్టే భయం ఉన్నవాడికే తప్పు చిన్నదని చెప్పాలన్న ఆశ కూడా ఉంటుంది. పర్యవేక్షణ సర్కారుకుండాలి, దర్యాప్తు సర్కారుకు వెలుపల ఉండాలి అనడానికి ఇదే పెద్ద కారణం.

ఇస్రో విషయంలో ఇటీవల ఒక మార్పు కలవరపెడుతోంది. 2021 ఆగస్టులో జీఎస్ఎల్‌వీ-ఎఫ్10, 2022 ఆగస్టులో ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమైనప్పుడు, కారణాలను ఇస్రో జనానికి చెప్పింది. ఎక్కడ పీడనం తగ్గింది, ఏ సెన్సర్ ఎలా తికమకపడింది అన్నంత వివరంగా చెప్పింది. 2025 మే 18న పీఎస్ఎల్‌వీ-సీ61 మూడో దశలో పీడనం పడిపోయి ఈఓఎస్-09 ఉపగ్రహం పోయింది. ఆ వైఫల్యం మీద వేసిన కమిటీ నివేదిక జనం ముందుకు రాలేదు. 2026 జనవరి 12న పీఎస్ఎల్‌వీ-సీ62 కూడా మూడో దశలోనే గతి తప్పింది. ఈసారి పోయింది ప్రభుత్వ ఉపగ్రహం ఒక్కటే కాదు. హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్‌తో సహా ప్రైవేటు సంస్థల చిన్న ఉపగ్రహాలూ పోయాయి. ముందు వైఫల్యానికి కారణం ఏమిటో తెలుసుకునే హక్కు తమ ఉపగ్రహాన్ని ఆ రాకెట్ ఎక్కించిన కుర్రాళ్లకు లేదా? రేపు విక్రమ్-1 విఫలమైతే కారణం చెప్పమని అడిగే నైతికబలం ఆ శాఖకు ఎక్కడి నుంచి వస్తుంది?

ఇది అసాధ్యమైన కోరికేం కాదు. 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ విషవాయువు 12 మందిని బలిగొన్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ రెండు నెలలకే నివేదిక ఇచ్చింది. దాన్ని జనం ముందు పెట్టారు. కంపెనీ నిర్లక్ష్యంతో పాటు ప్రభుత్వ శాఖల లోపాలూ అందులో ఉన్నాయి. లోపాలు చదివి రాష్ట్రం కూలిపోలేదు, పెట్టుబడులు పారిపోలేదు. చదివే వీలు దొరికింది కాబట్టే ఆ ఊళ్ల జనం అడగవలసిన ప్రశ్నలు అడగగలిగారు.

శ్రీకాకుళం ఎంపీ చేతిలో అంతరిక్ష శాఖ లేదు. కానీ ఇప్పటికిప్పుడు ఆయన చేయగలిగిన పనులున్నాయి. రైల్వే భద్రత కమిషన్ తన శాఖలోనే ఉంది కాబట్టి కంటకాపల్లి నివేదిక పూర్తి పాఠాన్ని తెలుగులోనూ జనం ముందు పెట్టించవచ్చు. చనిపోయిన లోకో పైలట్ల ఇళ్లకు దాని ప్రతి పంపించవచ్చు. అహ్మదాబాద్ తుది నివేదికను ఒక్క పేజీ తగ్గకుండా పార్లమెంటు ముందు ఉంచవచ్చు. రైలు, విమాన దర్యాప్తు సంస్థలు రెంటినీ తన మంత్రిత్వ శాఖ నుంచి విడదీసి పార్లమెంటుకు జవాబుదారీ చేసే బిల్లు తేవచ్చు. అధికారం వదులుకునే బిల్లు ఏ మంత్రికీ సులభం కాదు. అయినా కేంద్రంలో సంకీర్ణం నిలబడటానికి తెలుగుదేశం 16 ఎంపీల బలం అవసరమైన ఈ కాలంలో అడిగితే వినేవాళ్లున్నారు. ఆ బిల్లులో రైలు, విమానం పక్కన రాకెట్ అన్న మాటనూ చేర్చవచ్చు. అంతరిక్ష కార్యకలాపాల చట్టం ఎప్పుడు వచ్చినా, ప్రమాదం జరిగిన 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక, ఆ నివేదిక వచ్చేదాకా ఏ మంత్రీ కారణం ప్రకటించకూడదన్న నియమం అందులో ఉండాలని ఉత్తరాంధ్ర ఎంపీలందరూ కలిసి అడగవచ్చు.